దైవమును పురుషకారమును

హైదరాబాదులోని హిమాయత్‌నగరమునకు ఆ పేరు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను జ్యేష్ఠకుమారుడగు హిమాయత్ అలీ ఖానునిబట్టి వచ్చినది. ఆజం జా యనునది యాతని బిరుదము. 1907లో జన్మించిన యా రాకుమారునిదే సింహాసనమని లోకులెంచిరి. కాని 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరిపోయెను. 1967లో నిజాము గతించినప్పుడు మిగిలిన బిరుదమైనను కుమారునికి గాక మనుమడగు ముకర్రం జాకు దక్కెను. రాజు కావలసినవాడు రాజు కాలేదు. పేట పేరు మాత్రము నిలిచినది.

ఇట్టి కథయే రెండువేల యేండ్లకు పూర్వము రోమునగరమున జరిగినది. అగస్టసు చక్రవర్తికి కొడుకులు లేరు. కుమార్తె బిడ్డలగు గాయసు, లూసియసులను దత్తు చేసికొని, వీరే నా వారసులని చాటుటకై వెండినాణెములపై వారి రూపములను ముద్రింపించెను. క్రీ.శ. 2లో లూసియసును, 4లో గాయసును మృతినొందిరి. గత్యంతరము లేక చక్రవర్తి తన సవతికొడుకగు టైబీరియసును దత్తు చేసికొనెను. 14లో సామ్రాజ్య మాతనికి వచ్చెను.

ఆ రాజుల నాణెములు వర్తకుల మూటలలో సముద్రము దాటి మన దేశమునకు వచ్చినవి. మన మిరియములకును రత్నములకును సన్నని వస్త్రములకును ఏటేట 5 కోట్ల సెస్టర్సుల ధనము పోవుచున్నదని ప్లినీ వాపోయెను. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరకిన నిక్షేపమున అగస్టసు, టైబీరియసుల వెండినాణెములు కలవు. తెలుగునేల దొరకిన యిట్టి నాణెములు పెక్కింటిపై చక్రవర్తి మోమునకు అడ్డముగా ఉలిగాటు కానవచ్చును. అది లోహపరీక్షకో, చెలామణి మాన్పుటకో యని పండితులు భిన్నాభిప్రాయులు. టైబీరియసు కాలమున రాజద్రోహపు అభియోగములకు వెరచి రోములోని మహాపురుషులే నోరు మెదపరైరి. ఇచ్చట పేరైన తెలియని యొకడు ఆ మోముపై ఉలి నిలిపెను!

టైబీరియసు చరిత్రమును వ్రాసినవాడు టాసిటసు. రోడ్సు ద్వీపమున నుండగా టైబీరియసు త్రాసిలసను జ్యోతిష్కుని పరీక్షించిన కథను చెప్పి, మానవుల గతిని నడుపునది విధియో యాదృచ్ఛికమో తాను నిశ్చయింపలేనని యాతడు ఒప్పుకొనెను. అయినను దైవమును తేల్పజాలనివాడు నడవడిని తేల్పక మానలేదు. రాకుమారులిద్దరు చచ్చుట టైబీరియసు చేసినది కాదు. సింహాసనమెక్కి చాడీకోరులను పోషించుట ఆతడు చేసినదే. అందులకు తలయూచి దాస్యము చేసిన సభ్యులనుగూడ టాసిటసు విడువలేదు. మంచి మరుగుపడకుండ కాచుటయు, చెడు చేయువానికి భావితరముల భయము కల్పించుటయు చరిత్రకారుని ధర్మమని యాతని మతము.

దైవము వేరు, పురుషకారము వేరని మన పూర్వులును ఎరిగినవారే. మరచినవారము మనము. పిల్లను బడి మాన్పింతుము. వరుని గుణమరయక జాతకము కుదిరినదని పెండ్లి చేయుదుము. పిదప ఆమె కన్నీటిని చూచి తలవ్రాత యందుము. బడి మాన్పించినది ఏ గ్రహము? గుణమరయకుండ అడ్డుపడినది ఏ నక్షత్రము? బిడ్డకు జ్వరము వచ్చుట దైవము కావచ్చును; వైద్యుని పిలువకుండుట దైవము కాదు.

చరిత్రము చదువుట రాజుల పేర్లను వల్లించుటకు కాదు. మనకు జరిగినది ఎంత, మనము చేసినది ఎంత యని వేరుచేసి చూచుకొను అలవాటును నేర్చుటకు. ఆ లెక్క ప్రతి గృహమునను నిష్పక్షపాతముగ జరిగిన నాడు తలవ్రాత యను మాటతో మనకు అంతగా పనియుండదు.