శాసనసభలో ఒక రోజు : ప్రశ్నోత్తరాల నుంచి వాయిదా వరకు

శాసనసభ సమావేశాల వార్తలు సేకరించే పాత్రికేయులకు, సభకు సమాచారం సమకూర్చే అధికారులకు ఉపయుక్తంగా ఉండాలనే ఉద్దేశంతో సభ దైనందిన కార్యకలాపాల క్రమాన్ని ఈ వ్యాసంలో పొందుపరచడమైనది. సభలో పలికిన మాట రికార్డులో నిలిచితే పత్రికకు వార్త అవుతుంది, ప్రభుత్వానికి బాధ్యత అవుతుంది. రికార్డు నుంచి తొలగిన మాట ఆ రెండూ కాజాలదు. సభ దినచర్యలోని ప్రతి అంశాన్నీ ఈ దృష్టితోనే పరిశీలించవలసి ఉంటుంది.

నేపథ్యం

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. అయ్యదేవర కాళేశ్వరరావు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి. 1958లో ఏర్పడిన శాసనమండలి 1985లో రద్దయి, 2007లో తిరిగి ఏర్పాటయింది. 2014 జూన్ 2న జరిగిన రాష్ట్ర విభజనతో ఆంధ్రప్రదేశ్‌కు 175 మంది సభ్యుల శాసనసభ, ప్రస్తుతం 58 మంది సభ్యులున్న మండలి. తెలంగాణకు 119 మంది సభ్యుల శాసనసభ, 40 మంది సభ్యుల మండలి ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017 మార్చి నుంచి వెలగపూడిలో సమావేశమవుతున్నది.

సమావేశం, కోరం

రాజ్యాంగం 174వ అధికరణం ప్రకారం ఒక సమావేశానికి, మరొక సమావేశానికి మధ్య ఆరు నెలల వ్యవధి ఉండరాదు. 176వ అధికరణం ప్రకారం ప్రతి సంవత్సరం తొలి సమావేశం గవర్నర్ ప్రసంగంతో ప్రారంభమవుతుంది. ఎన్ని రోజులు సమావేశం కావాలి, ఏ అంశానికి ఎంత సమయం కేటాయించాలి అనే విషయాలను సభాపతి అధ్యక్షతన వివిధ పక్షాల నాయకులు పాల్గొనే సభా వ్యవహారాల సలహా సంఘం (బీఏసీ) చర్చిస్తుంది.

సభ జరగడానికి 10 మంది సభ్యులు లేదా మొత్తం సభ్యులలో పదవ వంతు, ఏది ఎక్కువయితే అంతమంది హాజరు కావాలని 189వ అధికరణం నిర్దేశిస్తున్నది. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 18 మంది, తెలంగాణ శాసనసభకు 12 మంది కోరం అవుతుంది.

ప్రశ్నోత్తరాల సమయం

రోజులో తొలి గంట సాధారణంగా ప్రశ్నలకు కేటాయించబడుతుంది. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో మౌఖికంగా సమాధానమిస్తారు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వక సమాధానం లభిస్తుంది. అత్యవసర ప్రజా ప్రాముఖ్యం గల విషయంపై స్వల్ప వ్యవధి ప్రశ్న వేయవచ్చును.

ముద్రిత సమాధానం సంక్షిప్తంగా ఉంటుంది. "అవునండి", "లేదండి", "ప్రశ్న ఉత్పన్నం కాదు" అనే మాటలతోనే అది ముగిసే సందర్భాలు అనేకం. అసలు విషయం అనుబంధ ప్రశ్నలలో వెలికి వస్తుంది. ఒక మండలంలో మంచినీటి పథకం మంజూరయిందా అన్న ప్రశ్నకు "అవునండి" అని సమాధానం రావచ్చును. మంజూరయిన పథకం ఎందుకు పూర్తి కాలేదు, నిధులు ఎంతమేరకు విడుదలయ్యాయి, ఎప్పటికి నీరు అందుతుంది అని సభ్యుడు "అధ్యక్షా" అంటూ లేచి అడిగినప్పుడే ప్రజలకు కావలసిన సమాధానం లభిస్తుంది. అధికారుల గ్యాలరీలో సంబంధిత అధికారులు పూర్తి వివరాలతో సిద్ధంగా ఉండవలసిన అవసరం ఇందువలననే ఏర్పడుతున్నది.

నినాదాల మధ్య సభ వాయిదా పడి ఆ గంట గడిచిపోయినప్పుడు, మిగిలిన ప్రశ్నల సమాధానాలు సభా సమక్షంలో ఉంచబడినట్లుగా పరిగణించబడతాయి. కాగితం మీది సమాధానం మిగులుతుంది గాని అనుబంధ ప్రశ్న అడిగే అవకాశం ఆ రోజుకు తిరిగి రాదు. దాని వలన కలిగే నష్టం ఒక పక్షానికి పరిమితం కాదు. ఆ ప్రశ్న ఏ ప్రాంతానికి చెందినదో ఆ ప్రాంత ప్రజలందరిదీ.

జీరో అవర్, నోటీసులు

ప్రశ్నోత్తరాల అనంతరం సభ్యులు తక్షణ సమస్యలను సభ దృష్టికి తీసుకువచ్చే వ్యవధి జీరో అవర్‌గా వాడుకలో ఉన్నది. ఇది కాక, నిబంధనల కింద నోటీసు ఇచ్చి విషయాన్ని లేవనెత్తే మార్గాలు ఉన్నాయి. వాయిదా తీర్మానానికి 63వ నిబంధన, మంత్రి దృష్టిని ఆకర్షించే సావధాన తీర్మానానికి 74వ నిబంధన, స్వల్పకాలిక చర్చకు 344వ నిబంధన వర్తిస్తాయి. నోటీసు అందడం వేరు, దానిని సభాపతి అనుమతించడం వేరు అన్న సంగతి వార్త రాసేటప్పుడు గమనించదగినది.

బిల్లులు, పద్దులు

బిల్లును ప్రవేశపెట్టడం, పరిశీలించడం, ఆమోదించడం అనేవి మూడు దశలు. నిర్ణయం సామాన్యంగా మూజువాణి ఓటుతో జరుగుతుంది. సభ్యులు కోరినప్పుడు డివిజన్ నిర్వహించబడుతుంది. ద్రవ్య బిల్లును శాసనసభలో మాత్రమే ప్రవేశపెట్టాలి. మండలి దానిని 14 రోజులలోగా తిప్పి పంపవలసి ఉంటుంది. బడ్జెట్ సమావేశాలలో శాఖల వారీగా పద్దులపై చర్చ, ఓటింగు, అనంతరం ద్రవ్య వినిమయ బిల్లు ఉంటాయి. గడువు ముగిసే రోజున మిగిలిన పద్దులను చర్చ లేకుండానే ఓటుకు పెట్టడాన్ని గిలెటిన్ అంటారు.

హామీలు

"పరిశీలిస్తాము", "విచారణ జరిపిస్తాము", "సమాచారం సేకరించి సభకు తెలియజేస్తాము" అనే మాటలు మంత్రి నోట వెలువడితే, అవి హామీలుగా లెక్కకు వస్తాయి. వాటి అమలును ప్రభుత్వ హామీల సంఘం పరిశీలిస్తుంది. లోక్‌సభలో ఇటువంటి సంఘం 1953లో ఏర్పడినది. అక్కడ హామీ నెరవేర్చడానికి 3 నెలల గడువు ఉన్నది. సభ ముగిసిన సాయంత్రమే తమ శాఖకు సంబంధించిన హామీలను గుర్తించి ఫైలు ప్రారంభించే అధికారికి తరువాత సంజాయిషీ చెప్పుకొనే అవసరం రాదు.

రికార్డు, పత్రికలు

సభాపతి రికార్డు నుంచి తొలగించిన మాటలను ప్రచురించరాదు. 1957లో బీహారు శాసనసభలో ఒక సభ్యుని ప్రసంగంలోని భాగాలను సభాపతి తొలగించగా, పాట్నా నుంచి వెలువడే సెర్చ్‌లైట్ పత్రిక ఆ ప్రసంగాన్ని వాటితో సహా ప్రచురించింది. సభా హక్కుల ఉల్లంఘన నోటీసు అందుకున్న సంపాదకుడు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 1958లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-1 ఆధిక్యంతో సభ హక్కును సమర్థించింది. భావ ప్రకటనా స్వేచ్ఛ వంటి ప్రాథమిక హక్కులకే ప్రాధాన్యం ఉండాలని విభేదించిన ఒకే ఒక న్యాయమూర్తి తెలుగువారైన కోకా సుబ్బారావు.

1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 361-ఎ అధికరణం, దురుద్దేశం లేకుండా సభా కార్యక్రమాలను యథార్థంగా నివేదించే పత్రికలకు రక్షణ కల్పించింది. రహస్య సమావేశాలకు ఈ రక్షణ వర్తించదు.

వాయిదా

సభను మరుసటి రోజుకు గాని, నిరవధికంగా గాని వాయిదా వేసే అధికారం సభాపతిది. సమావేశాలను ముగించడం, అనగా ప్రొరోగ్ చేయడం, గవర్నర్ ఉత్తర్వుతో జరుగుతుంది. ప్రొరోగ్ అయినందువలన పెండింగులో ఉన్న బిల్లులు రద్దు కావు. కావున "నిరవధిక వాయిదా", "ప్రొరోగ్" అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడరాదు. సందేహం కలిగినప్పుడు శాసనసభ సచివాలయం వెలువరించే బులెటిన్, కార్యక్రమాల అధికారిక నివేదికలే ప్రమాణం.