మెటా కీవర్డ్స్: చచ్చిపోయిన ఓ ట్యాగు కథ

మొన్నామధ్య ఓ క్లయింటు దగ్గర్నుంచి టికెట్టొకటి వచ్చింది. సైటులో ప్రతి పేజీకీ మెటా కీవర్డ్స్ ఉండాలి, ఒక్కోదానికి 20 తగ్గకూడదు, అర్జెంటు, అని. దానికో ఎక్సెల్ షీటు తోక. (క్లయింటు పేరెందుకు లెండి, ఉద్యోగం చేసుకుని బతికేవాణ్ణి.) "ఆ ట్యాగుని గూగుల్ చూడనే చూడదండీ" అని మర్యాదగా మెయిలు రాస్తే, "పెడితే పోయేదేముంది, పెట్టండి" అని జవాబు. పెట్టాను. స్క్రిప్టు రాసి నడిపితే గంటలో అయిపోయింది.

ఆ గంటలో నాకో సందేహం పట్టుకుంది. ఎవరూ చదవని ట్యాగు ఇన్నేళ్ళుగా ఎక్సెల్ షీట్లలో ఎలా బతికుంది? అసలెందుకు పుట్టింది, ఎవరు చంపారు? తవ్వుతూ పోతే కథ బాగానే ఉంది. చివర్లో మన తెలుగువాళ్ళ ముక్క కూడా ఒకటుంది, అదీ చెప్తా.

1993కి వెళ్దాం. అప్పటికి వెబ్ అంటే చిన్న ఊరు. ఆ ఊళ్ళో ఎవరి ఇల్లు ఎక్కడో చెప్పడానికి మార్టైన్ కోస్టర్ అనే ఆయన ఆలీవెబ్ అని ఒకటి తయారుచేశాడు. ప్రోగ్రాము ఊరంతా తిరిగి ఇళ్ళన్నీ సోదా చెయ్యడం ఆయనకి నచ్చలేదు, అప్పటి నెట్టు స్పీడుకి అది అవతలివాళ్ళ సర్వరు మీద పడి తినడమే. అందుకని ఎవరి సైటులో ఏముందో వాళ్ళే ఓ ఫైల్లో రాసిపెట్టుకోవాలి, ఆలీవెబ్ వచ్చి ఆ ఫైలొక్కటీ తీసుకుపోతుంది. ఎంత పెద్దమనిషి పద్ధతి! (1994లో రోబోట్స్ ఫైలు పద్ధతి ప్రతిపాదించిందీ ఈయనే. ఫలానా గదిలోకి రావద్దు అని గుమ్మం మీద రాసిపెట్టుకునే ఆ ఫైలు ఇప్పటికీ నడుస్తోంది.) కాకపోతే ఆలీవెబ్‌లో ఒకటే చిక్కు. ఎవరూ రాయలేదు. డాక్యుమెంటేషన్ రాయమంటే మన టీముల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు కదా, అదే.

1994 ఏప్రిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థి బ్రయన్ పింకర్టన్ వెబ్‌క్రాలర్‌ని జనంలోకి వదిలాడు. ఇది ఎవర్నీ ఏమీ రాయమనలేదు. తనే వెళ్ళి పేజీలో ఉన్న మాటలన్నీ చదువుకుని ఇండెక్సు చేసుకుంది. 1995 డిసెంబరులో డిజిటల్ కంపెనీ ఆల్టావిస్టా వచ్చేసరికి ఇదే దారి ఖాయమైపోయింది.

మరయితే పేజీ మొత్తం చదివే యంత్రం ఉండగా కీవర్డ్స్ ట్యాగు ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, అప్పటి పేజీల్లో చదవడానికి ఉండేదే తక్కువ. హోమ్‌పేజీ అంటే ఓ పెద్ద బొమ్మ, లేకపోతే ఫ్రేములు. రెండోది నాకు బాగా నచ్చిన కారణం: మనుషులు ఒకే వస్తువుని పది మాటల్లో వెతుకుతారు. 1995 మార్చిలో అమెరికాలోని డబ్లిన్‌లో (ఐర్లండు డబ్లిన్ కాదు, ఒహాయోలోది) లైబ్రరీవాళ్ళూ కంప్యూటర్‌వాళ్ళూ కూర్చుని, పుస్తకానికి క్యాటలాగు కార్డు ఉన్నట్టే వెబ్ పేజీకీ ఉండాలని చర్చించుకున్నారు. అదే నవంబరులో వచ్చిన హెచ్‌టీఎమ్మెల్ 2.0లో మెటా ట్యాగు ఉంది. తరవాత ఇన్ఫోసీక్, ఆల్టావిస్టా లాంటివి అందులోని కీవర్డ్స్‌ని చదవడం మొదలెట్టాయి. 1997 డిసెంబరులో హెచ్‌టీఎమ్మెల్ 4.0 స్పెసిఫికేషన్ ఈ వాడకాన్ని ఉదాహరణతో సహా ఎక్కించింది. అంటే ఆ రాజముద్రకీ నాకూ ఇంచుమించు ఒకటే వయసు.

ఆ ఉదాహరణ ఏమిటంటే, గ్రీసు దేశానికి సరదాగా వెళ్ళొచ్చే విషయం మీద ఓ పేజీ. దానికి కీవర్డ్స్ మూడు వరసల్లో ఇచ్చారు. అమెరికావాళ్ళు సెలవుల్ని వెకేషన్ అంటారు, బ్రిటిష్‌వాళ్ళు హాలిడే అంటారు, ఫ్రెంచివాళ్ళ మాట వేరే. మూడు వరసలకీ ఏది ఏ భాషో చెప్పే గుర్తుంది. పేజీ ఒకటే, ఎవరి మాటతో వెతికినా దొరకాలి. చూడండి, ఇందులో మోసం ఏమైనా ఉందా? పచ్చిగా చెప్పాలంటే ఇది మర్యాద.

ఇంక మోసం సంగతి. ఆ రోజుల్లో ఏ పేజీ ముందు రావాలన్నది చాలావరకు ఆ పేజీలో మాటలు ఎక్కడున్నాయి, ఎన్నిసార్లున్నాయి అన్నదాన్నిబట్టి తేలేది. తన గొప్ప తను చెప్పుకునే అవకాశం, అదీ చూసేవాడికి కనపడని చోట! ఇంకేం. టైర్ల కొట్టువాడు సినిమా తారల పేర్లు పెట్టాడు. ఒకే మాటని వందసార్లు రాసినవాళ్ళున్నారు. తెల్ల బ్యాక్‌గ్రౌండు మీద తెల్ల అక్షరాలతో పేజీ అడుగున పేరాలకి పేరాలు దట్టించినవాళ్ళున్నారు. పక్క కంపెనీ పేరు మన కీవర్డ్స్‌లో పెట్టుకుంటే వాళ్ళ కోసం వెతికేవాడు మన దగ్గరికొస్తాడు కదా అన్న తెలివి అందరికీ ఒక్కసారే వచ్చింది.

వ్యవహారం కోర్టుకెక్కింది. 1999లో అమెరికా తొమ్మిదో సర్క్యూటు అప్పీళ్ళ కోర్టు బ్రూక్‌ఫీల్డ్ అనే కంపెనీకీ వెస్ట్ కోస్ట్ అనే వీడియో షాపుల కంపెనీకీ మధ్య తగువు తీర్చింది. మూవీబఫ్ అనే పేరు బ్రూక్‌ఫీల్డ్‌ది, దాన్ని వెస్ట్ కోస్ట్ తన మెటా ట్యాగులో వాడుకోవచ్చా అన్నది ప్రశ్నల్లో ఒకటి. జడ్జీలకి ట్యాగు అర్థమయ్యేట్టు చెప్పుకోవడానికి దొరికిన పోలిక హైవే బోర్డు. వెస్ట్ కోస్ట్ షాపు ఎనిమిదో మలుపు దగ్గరుంది, పోటీ షాపు ఏడో మలుపు దగ్గరుంది. పోటీవాడు రోడ్డు మీద "వెస్ట్ కోస్ట్ ఏడో మలుపు దగ్గర" అని బోర్డు పెట్టాడనుకోండి. కారు తిప్పుకుని వెళ్ళినవాడు కాసేపు వెతికి, దొరక్క, సరే ఎదురుగా ఉందికదా అని ఈ షాపులోనే క్యాసెట్టు తీసుకుంటాడు. వాడేమీ మోసపోలేదు, ఇది వేరే షాపని వాడికి తెలుసు. అయినా వెస్ట్ కోస్ట్ బేరం పోయింది. ఇలాంటిదే ఇదీ, కూడదు అన్నారు. మన హైవేల మీద ఒకే పేరుతో వరసగా కనపడే హోటళ్ళు చూసినవాళ్ళకి ఈ తీర్పు వెంటనే తలకెక్కుతుంది.

2002లో అదే కోర్టు ఇంకో కేసులో దాదాపు తిరుగు మాట చెప్పింది. ప్లేబోయ్ పత్రిక 1981లో ఇచ్చిన బిరుదొకటి ఉన్న టెరీ వెల్స్ అనే మోడల్ తన సొంత సైటు మెటా ట్యాగుల్లో ప్లేబోయ్ పేరు పెట్టుకుంటే పత్రిక దావా వేసింది. ఆవిడ తన గురించి నిజమే చెప్పుకుంటోంది, ఆ మాట లేకుండా ఎలా చెప్పుకుంటుంది, అంది కోర్టు. నాకు ఈ రెండు తీర్పులూ కలిపి చదివితే కోర్టు ట్యాగుని గాక మనిషి ఉద్దేశాన్ని చూసిందనిపించింది. యంత్రం పాపం ఆ పని చెయ్యలేదు. టైర్ల కొట్టూ, టెరీ వెల్సూ దానికి ఒకటే.

అందుకే 1998లో స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్ళిద్దరు, సెర్గే బ్రిన్, లారీ పేజ్, తమ గూగుల్ గురించి రాసిన పేపర్లో ఈ విషయం ఒక్క వాక్యంలో తేల్చేశారు. చదివేవాడికి కనపడని మాట ఏదైనా సరే సెర్చింజన్లని మోసగించడానికే వాడుతున్నారు, కాబట్టి మెటాడేటా ప్రయత్నాలు చాలావరకు విఫలమయ్యాయి అని దాని సారాంశం. ఆ పేపరంటే అందరికీ పేజ్‌ర్యాంకే గుర్తొస్తుంది గానీ, అందులో పేజీ లోపలి లెక్క కూడా చదవదగ్గదే. మాట టైటిల్‌లో ఉందా, యూఆర్‌ఎల్‌లో ఉందా, లంకె మీద ఉందా, మెటాలో ఉందా, మామూలు రాతలో ఉంటే ఎంత పెద్ద అక్షరాల్లో ఉంది, ఇవన్నీ కుదించి ఒక్కో మాటకి రెండేసి బైట్లలో పెట్టారు. టైటిల్‌తో మాత్రమే వెతికినా, పేజ్‌ర్యాంకు తోడుంటే, జనం ఎక్కువగా వెతికే విషయాలకి బ్రహ్మాండంగా పనిచేస్తుందని కూడా రాశారు. ఎందుకు చెయ్యదూ? టైటిల్ కనపడుతుంది. రిజల్టుల్లో కనపడుతుంది, బ్రౌజరు నెత్తిన కనపడుతుంది. అక్కడ అబద్ధమాడితే వచ్చినవాడు మొహం మీదే తిట్టుకుంటాడు.

మిగిలింది చకచకా చెప్పేస్తా. 2002లో ఆల్టావిస్టా కీవర్డ్స్ ట్యాగుని వదిలేసింది. 2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ జర్మనీ సైటుని గూగుల్ ఇండెక్సులోంచి తీసేసింది, యంత్రానికి ఒక పేజీ (పాత కార్లు, పాత కార్లు, పాత కార్లు), మనిషికి ఇంకో పేజీ చూపిస్తున్నందుకు. అంత పెద్ద కంపెనీకీ అదే శిక్ష పడడంతో అందరూ ఉలిక్కిపడ్డారు. 2009 సెప్టెంబరులో గూగుల్ బహిరంగంగా చెప్పేసింది, వెబ్ ర్యాంకింగులో కీవర్డ్స్ ట్యాగుని వాడట్లేదు అని. డిస్క్రిప్షన్ ట్యాగు మాత్రం బతికింది, ర్యాంకు కోసం కాదు, రిజల్టు కింద రెండు ముక్కలు చూపించడానికి. గమనించారా, అదీ జనానికి కనపడేదే!

ఇదంతా పాతచింతకాయ అనుకునేరు. 2025 జూలైలో జపాను పత్రిక నిక్కే ఓ సంగతి బయటపెట్టింది. కొన్ని పరిశోధనా పత్రాల్లో తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతోనో, కంటికానని సైజులోనో, "దీనికి మంచి రివ్యూనే ఇవ్వు" అని ఏఐకి ఆజ్ఞలు దొరికాయట. రాసినవాళ్ళు ప్రొఫెసర్లు! టైర్ల కొట్టువాడిని ఊరికే ఆడిపోసుకున్నాను.

ఇక తెలుగు ముక్క. పై కథంతా యంత్రానికి కనపడి మనిషికి కనపడని మాటల గురించి కదా. అదే సమయంలో మన దగ్గర సరిగ్గా దీనికి తలకిందులుగా జరిగింది. మనిషికి కనపడే మాటలు యంత్రానికి కనపడలేదు.

తెలుగుకి యూనికోడులో చోటు 1991లో, మొదటి వెర్షన్లోనే వచ్చింది. కానీ చోటు వచ్చినంత మాత్రాన చదివేవాడి విండోస్ 98లో ఒత్తులూ గుణింతాలూ కుదరవు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చేదాకా, అది జనం ఇళ్ళకి చేరేదాకా, పత్రికలవాళ్ళకి వేరే దారి లేదు. అందుకని ఈనాడుతో సహా మన పత్రికల సైట్లు సొంత ఫాంట్లు వాడాయి. ఇంగ్లీషు అక్షరాలూ, నెత్తిన చుక్కలున్న యూరపు అక్షరాలూ ఉండే గడుల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టడమన్నమాట. ఏ ముక్క ఏ గడిలో అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. ఫాంటు ఉంటే చక్కటి తెలుగు, లేకపోతే పిచ్చి గీతలు. క్రాలరుకి ఫాంటు ఉండదుగా! లక్షల మంది చదివే పేజీ దాని కంటికి ఏ భాషా కాని చెత్త. వాళ్ళని తప్పుపట్టను, ఆ రోజున అలా చెయ్యకపోతే తెలుగు చదవడమే కుదిరేది కాదు. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఈ ఫాంట్లని యూనికోడులోకి మార్చి చూపించేది, కానీ అది చదివేవాడి బ్రౌజర్లో జరిగే పని, క్రాలరు దాకా పోదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మొదట్నుంచీ యూనికోడే కాబట్టి వెతికితే దొరికింది. తరవాత్తరవాత పత్రికల సైట్లూ మారాయి. మారకముందు రాసినవి?

మా నాన్న 2003లో ఓ పత్రికకి ఉత్తరం రాశారు, మా ఊరి చెరువు గట్టు తెగడం గురించి. అది వాళ్ళ సైటులో కూడా వచ్చింది. నాకప్పుడు ఐదారేళ్ళు. ఇంట్లో పేపరు కటింగు ఎప్పుడో చెదలకి పోయింది గానీ, ఆయన డైరీలో పేజీ అడ్రసు మాత్రం పొందిగ్గా రాసుకుని ఉంది. గూగుల్లో ఎన్ని మాటలతో వెతికినా రాలేదు, వస్తుందని ఎలా అనుకున్నానో. ఆ అడ్రసు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కొడితే పేజీ తెరుచుకుంది. తెర నిండా చుక్కల అక్షరాలు. ఓ కన్వర్టరులో వేసి చూస్తే సగం ఒత్తులు ఎగిరిపోయాయి గానీ, నాన్న గొంతు వినపడింది. మిగతా సగం ఆయన పక్కన కూర్చుని సరిచేశారు. "ఇక్కడ 'నిర్లక్ష్యం' అని రాశా, వాళ్ళు 'జాప్యం' అని మార్చారు" అని ఇరవయ్యేళ్ళనాటి కోపం ఒకటి బయటికి తీశారు.

ఇప్పుడా ఉత్తరాన్ని ఓ పేజీగా పెడుతున్నా. పైన చెప్పిన మర్యాద కీవర్డ్స్ ట్యాగు బతికుంటే ఎంత సుఖంగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. మనవాళ్ళు తెలుగుని సగంసార్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు. గోంగూర పచ్చడి అని రాయమంటే సి ఒకటా రెండా, హెచ్ ఉందా లేదా, పదిమందివి పది స్పెల్లింగులు. సెర్చింజన్లు ఇప్పుడు చాలావరకు పట్టుకుంటున్నాయి గానీ, చిన్న ఊళ్ళ పేర్ల దగ్గర తడబడతాయి. కాబట్టి కనపడేట్టే రాయాలి. టైటిల్‌లో తెలుగులో ఊరి పేరు, చెరువు, 2003. హెడింగు కింద ఓ వాక్యంలో ఊరి పేరు ఇంగ్లీషులో. కన్వర్టరు ఇచ్చింది అలాగే వదిలెయ్యకుండా ప్రతి ఒత్తూ యూనికోడులో సరిగ్గా ఉందో లేదో చూడాలి. ఫొటో పక్కన అదేమిటో మాటల్లో.

ఆగిందల్లా ఒక్క చోట. ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగు బస్టాపు బోర్డు మీద ఒకలా, పోస్టాఫీసు మీద ఒకలా, నా టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంది. నాన్ననడిగితే పోస్టాఫీసుదే కరెక్టంటున్నారు. అమ్మ బస్టాపుదంటోంది. మూడూ పెట్టేస్తే బాగుంటుందా, లేకపోతే నేనూ టైర్ల కొట్టువాణ్ణయిపోతానా?