జంట చిత్రంలో ఆల్బర్ట్ రాజు

మొదటి ప్రపంచ యుద్ధంలో కాల్పుల విరమణ జరిగిన 11 రోజులకు, 1918 నవంబరు 22న, బెల్జియం రాజు మొదటి ఆల్బర్ట్ గుర్రంపై బ్రస్సెల్స్‌లో ప్రవేశించాడు. దేశంలో అధికభాగం జర్మన్ల వశమై ఉన్న నాలుగేళ్లూ ఆయన ఈజర్ నది వెనుక మిగిలిన చిన్న భూభాగాన్ని వీడలేదు. యుద్ధానంతర స్టీరియో చిత్రాల్లో ఆయనకు దక్కిన వీరగౌరవానికి మూలం ఇదే.

స్టీరియో చిత్రం నిజానికి రెండు చిత్రాలు. మనిషి కళ్ల మధ్య ఉన్నంత ఎడంతో, అంటే సుమారు 6.5 సెంటీమీటర్ల దూరంలో, రెండు కటకాలు ఒకే దృశ్యాన్ని గ్రహిస్తాయి. ఒకే అట్టపై పక్కపక్కన అతికించిన ఆ ప్రతులను పరికరంలో చూసినప్పుడు మెదడు రెండింటినీ కలిపి లోతును కల్పిస్తుంది. వీట్‌స్టన్ 1838లో వివరించిన సూత్రమిది. పత్రికలోని బొమ్మను పదిమంది కలిసి చూడవచ్చు. స్టీరియోస్కోప్‌లో చూసేది ఒక్కరే. చుట్టూ ఉన్న గది మరుగై, రాజు చేయి చాస్తే అందేటంత చేరువలో నిలుస్తాడు. రాచరికానికి ఇంతటి ఆత్మీయతను మరే ముద్రణా ఇవ్వలేదనవచ్చు.

అయితే ఈ సామీప్యాన్ని సంపూర్ణ సాక్ష్యంగా స్వీకరించలేము. 1916 సెప్టెంబరులో తూర్పు ఆఫ్రికాలోని టబోరాను గెలిచిన బెల్జియన్ సేనలో అత్యధికులు కాంగో సైనికులు. బ్రస్సెల్స్ వీధిని ఎంత లోతుగా చూపినా, ఆ యుద్ధరంగం చట్రానికి ఆవలే ఉండిపోయింది. కాంగో 1908 నుంచి బెల్జియం వలస. ఆ సైనికులు పోరాడినదీ ఈ రాజు పేరిటే.