రాజ్‌దూత్ 350

జపాన్‌లో పుట్టిన యమహా ఆర్‌డి 350 మోటారు సైకిలుకు మన దేశంలో తయారైన రూపం రాజ్‌దూత్ 350. ఎస్కార్ట్స్ సంస్థ దీన్ని 1983లో విడుదల చేసింది. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి తయారీ ఆగిపోయింది. 347 సీసీల ఇంజను, పక్కపక్కనే రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. బుల్లెట్టుకూ యెజ్డీకీ నాలుగే గేర్లున్న రోజుల్లో ఇది మామూలు సంగతి కాదు. అయినా బండి అమ్ముడుపోలేదు. నలభయ్యేళ్ల తర్వాత కూడా దీని పేరు చెప్పుకోవడానికి కారణం ఇంజనులో ఉంది. అప్పట్లో ఎవరూ కొనకపోవడానికి కారణాలు పెట్రోలు బంకులోనూ మెకానిక్కు షెడ్డులోనూ ఉన్నాయి.

యమహా పుట్టుక హార్మోనియంతో ముడిపడిందంటే పద్యనాటకాలు చూస్తూ పెరిగిన గోదావరి జిల్లాల వాళ్లకు తమాషాగా ఉంటుంది. 1887లో హమమత్సు పట్టణంలోని ఒక బడిలో రీడ్ ఆర్గన్ పాడైతే తొరకుసు యమహా అనే పనిమంతుడు బాగుచేశాడు. ఆ ఆర్గన్ మన హార్మోనియానికి అక్క వరస. గాలి తగిలితే కంపించే పల్చటి లోహపు నాలుకలే రెండింటికీ గొంతు. ఒకటి విప్పి చూసినవాడు రెండోది సొంతంగా చేశాడు, అలా నిప్పన్ గక్కి అనే వాద్యాల కంపెనీ వెలిసింది. యమహా బళ్ల మీద కనిపించే గుర్తులోని మూడు శృతిదండాలు ఆ వాద్యాల వ్యాపారం నుంచి వచ్చినవే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సంస్థను నడిపిన గెనిచి కవకామి 1955లో మోటారు సైకిళ్లకు వేరే కంపెనీ పెట్టాడు. మొదటి బండి వైఏ-1, 125 సీసీ. జర్మనీ వారి డీకేడబ్ల్యూ ఆర్‌టి 125ని ముందు పెట్టుకుని చేసిందది. దాని ఎర్రటి రంగు చూసి జపనీయులు ‘ఎర్ర తూనీగ’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

అక్కణ్ణుంచి యమహా టూ స్ట్రోక్ దారినే పట్టింది. 1970లో వచ్చిన ఆర్5 అనే 347 సీసీ బండికి మెరుగులు దిద్ది 1973లో ఆర్‌డి 350 తెచ్చింది. ఈ మెరుగుల్లో అసలైనది రీడ్ వాల్వు.

టూ స్ట్రోక్ ఇంజనులో కింద ఉన్న క్రాంకు కేసే పంపు పని చేస్తుంది. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు కార్బొరేటరు నుంచి గాలీ పెట్రోలూ కలిసి లోపలికి వస్తాయి. పిస్టన్ దిగినప్పుడు ఆ మిశ్రమం ఒత్తుకుని పక్క దారుల గుండా సిలిండరులోకి ఎక్కాలి. చిక్కేమిటంటే, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కొంత మిశ్రమం వచ్చిన దారినే కార్బొరేటరులోకి వెనక్కి తన్నేస్తుంది. సముద్రపు పోటు నీరు మురుగు కాలువలోకి ఎదురెక్కకుండా కోనసీమలో మొగల దగ్గర తలుపులు పెడతారు. కాలువ నీరు తోస్తే తెరుచుకుంటాయి, పోటు తోస్తే మూసుకుంటాయి. రీడ్ వాల్వు సరిగ్గా అదే పని చేస్తుంది, కాకపోతే నిమిషానికి కొన్ని వేలసార్లు. కార్బొరేటరుకూ ఇంజనుకూ మధ్య పల్చటి ఉక్కు రేకులు ఉంటాయి. లోపలికి వచ్చే గాలికి దారి ఇస్తాయి, తిరుగు గాలికి అడ్డం పడతాయి. హార్మోనియం నాలుకనీ రీడే అంటారు, ఈ రేకునీ రీడే అంటారు. పాత వాద్యాల కంపెనీకి ఇంజనులో కూడా రీడు కలిసిరావడం యాదృచ్ఛికమే గానీ, ముచ్చటైన యాదృచ్ఛికం.

ఇంకో సదుపాయం 1964 నుంచి యమహా వాడిన ఆటోలూబ్. అప్పట్లో మన ఊళ్లలో లూనా మోపెడ్లకీ స్కూటర్లకీ బంకులో పెట్రోలుతో పాటు కొలిచి ఆయిలు పోయించుకోవడం అలవాటుగా ఉండేది. ఆర్‌డిలో ఆయిలుకు వేరే ట్యాంకు ఉంటుంది. యాక్సిలరేటరు తిప్పినదాన్ని బట్టి చిన్న పంపు ఇంజనుకు కావలసినంత ఆయిలే పంపుతుంది. పొగ తగ్గింది, ప్లగ్గు తుడిచే పనీ తగ్గింది. అయితే ఆ చిన్న ట్యాంకు ఖాళీ అయిన సంగతి మరిచిపోతే మటుకు పిస్టన్ పట్టేస్తుంది.

సిలిండరు బోరు 64 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 54. మనకు బాగా తెలిసిన 346 సీసీ బుల్లెట్టులో బోరు 70, నడక 90. ఇంజన్ల సైజు ఇంచుమించు ఒకటే అయినా స్వభావాల తేడా అంతా ఈ నాలుగు అంకెల్లో ఉంది. బుల్లెట్టు పిస్టను పొడుగాటి అంగలు వేస్తూ నిదానంగా లాగుతుంది. ఆర్‌డివి పొట్టి అడుగులు, పరుగు. జపాన్ ఆర్‌డి 7,500 ఆర్‌పీఎం దగ్గర 39 గుర్రాల శక్తి ఇచ్చేది. ఆ కాలపు యమహా రేసు బండి టీజెడ్ 350ని నీళ్లతో చల్లబరిచేవారు, దీన్ని గాలే చల్లబరిచేది. కానీ రెండింటి బోరూ స్ట్రోకూ ఒకటే. ఆర్‌డిలోని ‘ఆర్’ రేసుదేనని అభిమానులు చెప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు. అంత వేగాన్ని ఆపడానికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు కూడా ఇచ్చారు. ఈ డిస్కును గుర్తుంచుకోవాలి.

ఇంతలో అమెరికాలో పొగ నిబంధనలు బిగుసుకున్నాయి. 1976లో ఆర్‌డి 400 వచ్చి, ఆ దేశంలో 1979తో దాని కథ ముగిసింది. ఐరోపాకు 1980లో నీళ్లతో చల్లబడే ఆర్‌డి 350 ఎల్‌సీ వెళ్లింది. అలా జపాన్ పక్కన పెట్టేసిన పాత నమూనా మనకు 1983లో కొత్త బండిగా వచ్చింది.

ఎస్కార్ట్స్ అంటే గోదావరి డెల్టా రైతుకు ముందు ట్రాక్టరే గుర్తొస్తుంది. ఆ సంస్థే 1960ల నుంచి పోలండు వారి నమూనాతో రాజ్‌దూత్ 175 మోటారు సైకిళ్లు కూడా చేసేది. మట్టి రోడ్ల మీద బరువులు మోసే మొండి బండిగా దానికి పేరు. 1973 నాటి ‘బాబీ’ సినిమాలో కనిపించిన చిన్న రాజ్‌దూత్‌ని జనం బాబీ బండి అనే పిలిచారు. కొత్త 350కి కూడా సినిమా దారే పట్టారు. 1983లో వచ్చిన ‘హీరో’లో జాకీ ష్రాఫ్ దీన్నే నడిపాడు. ధర సుమారు 18 వేల రూపాయలు.

మన దేశానికి సరిపడేలా అంటూ చేసిన మార్పులు ఇక్కడ మొదలవుతాయి. డిస్కు బ్రేకు పోయి, పాత ఆర్5 తరహా డ్రమ్ము బ్రేకు వచ్చింది. పెట్రోలు కలిసొస్తుందని సైలెన్సరు దారి ఇరుకు చేశారు. దాంతో శక్తి 30.5 గుర్రాలకు దిగింది. ఇది మొదటి రకం, హై టార్క్, వాడుకలో ‘హెచ్‌టీ’. అప్పటికీ తాగుడు తగ్గలేదనిపించి మరికాస్త బిగించారు. 27 గుర్రాలతో లో టార్క్ ‘ఎల్‌టీ’ వచ్చింది. హెచ్‌టీ లీటరుకు పాతిక కిలోమీటర్లు ఇవ్వడం కూడా గగనమే. ఎల్‌టీ కాస్త మెరుగు, అంతే. వేగం కోసం కొనేవాడికి దమ్ము తగ్గించి ఇచ్చారు, పొదుపు కోసం చూసేవాడికి దాహం తీరని బండే ఇచ్చారు. ఇద్దరికీ పనికిరాని రాజీ ఇది.

దీన్ని డెల్టాలో నడపడం ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. కాలువ వెంట పోయే గట్టు రోడ్డు కాలువతో పాటే వంపులు తిరుగుతుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాని అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. అక్కడ డిస్కు పోయి డ్రమ్ము రావడం చిన్న విషయం కాదు, ఎందుకంటే వేగం మీద ఒకటికి రెండుసార్లు గట్టిగా నొక్కితే డ్రమ్ము వేడెక్కి పట్టు జారుతుంది. పోనీ నిదానంగా వెళ్దామంటే ఇంజను ఒప్పుకోదు. నాలుగు వేల ఆర్‌పీఎం లోపల అది కునుకు తీస్తూ ఉంటుంది. ఆ పైన ఒక్కసారిగా మేలుకుని ముందు చక్రాన్ని లేపేంత పని చేస్తుంది. 1974లో తెరిచిన కొవ్వూరు, రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన పొడవు నాలుగు కిలోమీటర్ల పైమాటే. అయినా ఇరుకు రోడ్డు, లారీల బారు. వాటి వెనక ఈదుకుంటూ పోయే బండికి ఆరో గేరుతో పనేముంది?

మెకానిక్కుల కష్టం ఇంకోటి. ఒక సిలిండరు, ఒక కార్బొరేటరుకు అలవాటు పడిన చేతులకు ఇక్కడ అన్నీ రెండేసి. రెండు కార్బొరేటర్లనూ సమంగా కుదర్చకపోతే కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి లాగి, రెండోది చూస్తూ నడిచినట్టుంటుంది. క్రాంకు చివర్ల సీళ్లు ఎండిపోయి గాలి పీల్చాయంటే మిశ్రమం పలచబడి పిస్టన్ సీజవుతుంది. విడిభాగాల ధర సంగతి సరే, అవి దొరకడమే గొప్ప. బండి ఎంత పరుగెడుతుందని గాక మైలేజి ఎంతిస్తుందని అడిగే ఊళ్లివి. పెట్రోలు కాస్త చవకని యానాం బంకుల దాకా వెళ్లి ట్యాంకు నింపించుకునేవాళ్లున్న ప్రాంతం ఇది.

ఈలోగా మార్కెట్టే మారిపోయింది. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, ఆ వెంటనే కవాసాకి బజాజ్, ఇలా 100 సీసీ జపాన్ బళ్లు వరస కట్టాయి. వాటిలో యమహా తరఫున 1985 చివర్లో ఎస్కార్ట్స్ తెచ్చినది ఆర్‌ఎక్స్ 100. 98 సీసీ, ఒకటే సిలిండరు, 11 గుర్రాలు, బరువు ఇంచుమించు వంద కిలోలు. రీడ్ వాల్వు, ఆటోలూబ్ దీనికీ ఉన్నాయి. ఆర్‌డి చెయ్యలేనిది ఇది చేసింది. అదే చురుకుదనాన్ని జనం భరించగలిగే ఖర్చులో ఇచ్చింది. 1996 వరకు తయారైంది. గోదావరి గట్ల మీద దాని పేరు ఎంతగా నిలిచిందంటే, అజయ్ భూపతి 2018లో ఆత్రేయపురం నేపథ్యంగా తీసిన సినిమాకు ‘ఆర్‌ఎక్స్ 100’ అనే పేరు పెట్టాడు. పూతరేకుల ఊరి కథకు జపాన్ బండి పేరు ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు.

రాజ్‌దూత్ 350కి దక్కిన గౌరవం వేరే చోట. మన పాత ఐదో నంబరు జాతీయ రహదారి మీదే దక్షిణంగా పోతే, మద్రాసుకు కాస్త ముందు షోలవరం వస్తుంది. యుద్ధకాలపు విమానాల పట్టీ మీద అక్కడ రేసులు జరిగేవి. సైలెన్సరు ఇరుకు విప్పేసి, సిలిండరు పక్క దారులను (పోర్టులను) సానబట్టి, ఎస్కార్ట్స్ తగ్గించిన గుర్రాలను తిరిగి తెచ్చుకున్న 350లు అక్కడ పరుగు పెట్టాయి. ఇవాళ పాత బళ్లు సేకరించేవాళ్లు చేసేదీ అదే పని. ముందు క్రాంకు విప్పించి సీళ్లు మార్పిస్తారు, తర్వాత సైలెన్సర్లు, చివరకు డ్రమ్ము తీసేసి డిస్కు. హెచ్‌టీ దొరికితే ఎల్‌టీని ముట్టరు. అప్పట్లో 18 వేలు పెట్టడానికి వెనకాడిన బండికి ఇప్పుడు లక్షలు పలుకుతున్నాయి.

రెండు సిలిండర్ల మధ్యతరహా బండిని యమహా 2015లో మళ్లీ మన దేశానికి తెచ్చింది. ఆర్3 అనే ఆ బండి ఇంజను 321 సీసీ, ఫోర్ స్ట్రోక్, నీళ్లతో చల్లబడేది. శక్తి సుమారు 41 గుర్రాలు, అంటే 1973 నాటి జపాన్ ఆర్‌డి కన్నా రెండే ఎక్కువ. ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఈసారి కంపెనీ నుంచే వచ్చింది.