వాన పడిందా అని అడిగినోళ్లు

ఏం పాపా, ఆ కాగితం ముందర పెట్టుకొని ఎంతసేపట్నుంచి పెన్ను కొరుకుతాండావు? స్పెయిన్ దేశానికి ఉత్తరమా? సారు రేపటికల్లా ఇమ్మన్నాడా? ఏం రాసినావో సదువు, ఇంటా.

"మేము బాగున్నాము. మీరు చేసే సాయానికి ధన్యవాదాలు. మా అమ్మ ధన్యవాదాలు చెప్పమంది. మళ్లీ ధన్యవాదాలు." అంతేనా? ఇది ఉత్తరం మాదిరి లేదే. అప్పు తీసుకున్నోడు షావుకారి వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడినట్ల ఉంది. ఆ కట్టెపుల్ల మంటలోకి నెట్టి ఇట్ల దగ్గరికి జరుగు. మీ అత్త గూడా నీ ఈడులో ఆ దేశానికే ఉత్తరాలు రాసింది. రాయాల్నంటే ముందు సంగతి తెల్సల్ల. చెప్తా ఇను.

మన అనంతపురం సీమ గురించి నీకు తెలీంది ఏముంది! పడమటి మోడం కనుమలకు తగులుకొని ఆడనే కురిసిపోతాది. తూర్పు సముద్రం మోడం మనదాకా వచ్చేలోపల ఖాళీ అయితాది. నడుమ మనం. ఏడాదంతా కలిపి లెక్కేస్తే 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. మన రాష్ట్రంలో అంత తక్కువ వాన మన జిల్లాకే అని సార్లు చెప్తారు. అది గూడా అదునుకు పడదు. ఇత్తనం ఏసినాక మొగం చాటేసి, కోతలప్పుడు వచ్చి కళ్లంలో కాయను కుళ్లబెడతాది.

నాకు పదైదేండ్లు ఉండొచ్చు అప్పుడు. మా నాయన చేసిన అప్పు కింద నేను జీతానికి ఉంటి. పొద్దున్నే పశువుల కసువు ఊడ్చేది, మడక దున్నేది, రేత్రి కళ్లం కాడ పండుకునేది. ఏడాది జీతం వడ్డీకే చాలకుండె. మన పేటోళ్లకు మూడెకరాల మెట్ట ఉండీ లేనట్లే. నీళ్లు లేని భూమి పటం కట్టుకొని గోడకు తగిలించుకోను తప్ప ఎందుకు పనికొస్తాది?

అట్లాంటి కాలంలో ఒకరోజు జీపులో ఒక తెల్లాయన వచ్చినాడు, పొడుగాటి మనిషి. విన్సెంట్ ఫెర్రర్ ఆయన పేరు. మాకు నోరు తిరక్క 'ఫాదరు' అంటిమి, ఈ పొద్దుకూ ఊర్లల్లో అదే పేరు. స్పెయిన్‌లో బార్సిలోనా ఆయన ఊరు. 1952లో జెస్యూట్ అనే క్రైస్తవ సన్యాసుల సభ తరఫున బొంబాయికి వచ్చి, మహారాష్ట్రలో మన్మాడ్ కాడ రైతులతో బాయిలు తవ్విచ్చినాడంట. అది గిట్టనోళ్లు గట్టిగా పట్టుబడితే 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. ఆయన్ని పంపొద్దని వేలమంది రైతులు నడుచుకుంటా బొంబాయికి పోయిరంట! ఇందిరాగాంధీ మళ్లీ రానిచ్చింది. అట్ల తిరిగొచ్చినాయన 1969లో ఏరికోరి మన కరువు జిల్లాకు వచ్చినాడు. ఆ ఏడే ఆర్డీటీ పెట్టిరి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అని. మరుసటేడు ఆయన ఆ సభను వదిలేసి, ఆన్ పెర్రీ అనే ఇంగ్లీషామెను పెండ్లి చేసుకున్యాడు. ఆమె బొంబాయిలో పత్రికకు రాస్తాండె. ఈయన దగ్గరికి మాట్లాడించను వచ్చి ఈ పనిలోనే నిలిచిపోయింది.

మేమేమన్నా ఎగిరి గంతేస్తిమనుకున్యావా? లేదు. "మతంలో కలుపుకోను వచ్చినాడు, బియ్యమిచ్చి మెడలో శిలువ ఏస్తాడు" అని ఊరంతా గుసగుసలే. మా నాయన గూడా "వాళ్ల గింజ ముట్టొద్దు" అన్యాడు. ఇన్నేండ్లయింది, మన పేటలో ఆంజనేయస్వామి గుడికాడ ఇప్పుడూ మనమే దీపం పెడతాండాం గదా. అప్పుడు అది ఎవరికి తెల్సు?

వాళ్లు అడిగింది ఒకటే మాట: "బాయి తవ్వుకుంటారా?" తవ్వేది మీరే, తవ్వినన్ని దినాలు కూలి కింద గింజలిస్తాం అన్యారు. కడుపు మాట ఇనక తప్పుతాదా? మా నాయనే ముందు పలుగు ఎత్తినాడు. మొగోళ్లు తవ్వేది, ఆడోళ్లు గంపలెత్తేది. పదడుగులు ఎర్రమన్ను, ఆపైన సుద్ద, దాని కింద బండ. బండకు తూట్లేసి మందు కూరి పేల్చాల. ముప్పై అడుగులు పోయినాక గూడా తేమ లేదు. ఒకరోజు మధ్యాన్నం మా అమ్మ గంప కిందికి దించి, "ఒరే, ఈ మన్ను బరువుగా ఉంది" అనె. చేత్తో పిసికితే ముద్ద కట్టింది. మరుసటి రోజు పొద్దున్నే పోయి చూస్తే, బండ సందులో చిటికెనేలు లావు ఊట! మా నాయన దిగి దోసిట్లో పట్టుకొని తాగలే, నెత్తిమీద పోసుకున్యాడు. ఆ ఏడు మన చేన్లో మొదటిసారి వరి పండె. అంతకుముందు మేము వరన్నం తినేది పండగలకే.

అందుకే నిన్న నీ సావాసగాడు "ఈ బాయి ఫారినోళ్లు తవ్విరంట" అంటే నాకు కోపమొచ్చె. తవ్వింది మీ ముత్తాత. వాళ్లు తవ్వేవాని కడుపు చూసుకున్యారు. రెండూ ఒకటి కాదు.

ఇప్పుడా బాయి ఎండింది గదా అంటావు. ఎండింది. కంపచెట్లు మొలిచి పావురాలు కాపురముండాయి. ఆ తప్పు వాళ్లది కాదు, మోడానిదీ కాదు. అందరమూ శెనక్కాయ మీద పడితిమి, పక్కోడు బోరేస్తే మనమూ వేస్తిమి. నూరడుగులు, మున్నూరు, ఆర్నూరు. కింద నీళ్లన్నీ లాగేసినాక మీద బాయిలో ఏముంటాది? బోర్ల అప్పుకు చేన్లు అమ్ముకున్యారు, బెంగళూరుకు మూటలు కట్టినారు. మీ చిన్నాయన పోయింది అట్లనే. ఆర్డీటీ వచ్చి యాబై ఏండ్లు దాటినా మన వాన మారలేదు పాపా. అది దాచిపెట్టి రాయొద్దు.

మరి మారింది ఏమంటే, బాయి ఎండినా ఎండనిది ఇంకోటుంది. దాని సంగతి చెప్తా. ఆ దుప్పటి కప్పుకో.

ఊర్లో సర్కారు బడి ఉన్యా మన పేట పిల్లోళ్లు వెనక వరసలో కూసొని నాలుగో తరగతికంతా గొర్ల ఎంబడి పోతాండిరి. అప్పుడు ఆర్డీటీ వాళ్లు పేటలోనే బడి పెట్టిరి. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు, నడుమ సర్కారు బడికి పోవాల. సదువు చెప్పేది ఊరి పిల్లోడే. "ఆడపిల్లకు ఎందుకు, గొడ్లు ఎవరు కాస్తారు?" అన్నోళ్లలో నేనొకణ్ణి. మీ అవ్వ ఇనలే. మీ అత్తను చెయ్యి పట్టుకొని తీసకపోయి కూసోబెట్టె.

తర్వాత ఫొటో కత. ఒకాయన వచ్చి పిల్లోళ్లకు ఫొటోలు తీసకపోయె. స్పెయిన్‌లో ఒక్కో కుటుంబం ఒక్కో బిడ్డను చూసుకుంటాదంట, నెలనెలా ఇంత అని పంపిస్తారంట. పేటలో గగ్గోలు పుట్టె: "ఫొటో చూసి పిల్లను ఎత్తకపోతారు!" మీ అవ్వ రెండు రేత్రిళ్లు నిద్రపోలే. దుడ్డు మన చేతికి రాదు, ఊరి బడికి, మందులకు, ఇండ్లకు పోతాదని సంఘం మీటింగులో చెప్పినాక నెమ్మది పడిరి. అట్ల కూడబెట్టేదానికి 1996లో ఆ దేశంలో విన్సెంట్ ఫెర్రర్ ఫౌండేషన్ అని పెట్టిరి.

మీ అత్త మొదటి ఉత్తరంలో చింతచెట్టు బొమ్మ గీసి, కింద "వాన రాలేదు" అని రాసింది. అంతే! అనంతపురం ఆఫీసులో తర్జుమా చేసి పంపితే జవాబొచ్చె. జవాబు రాసినామె రైతు బిడ్డ. వాళ్ల ఊర్లో ఆలివు చెట్లు పెంచుతారంట, వాళ్లూ వాన కోసం మొగమెత్తి చూసేటోళ్లేనంట. ఉత్తరంలో మొదటి మాట "మీ ఊర్లో వాన పడిందా?" ఆపొద్దు నుంచి ప్రతి ఉత్తరంలో అదే మాట. మన ఎమ్మెల్యే ఎప్పుడన్నా అడిగినాడా?

ఒకేడు ఆమె, మొగుడూ ఇద్దరూ వచ్చిరి. మేము పలకలు కొట్టి, టెంకాయ కొట్టి, పూలహారాలేసి గుక్క తిప్పుకోనీయలే. ఆమె వాటన్నిటికీ తల ఊపి, ఒక్కటే అడిగె: "బాయి చూపిస్తారా?" చూసి, మనింటికొచ్చి అరుగు మీద కూసుని మీ అవ్వ పెట్టిన రాగిసంగటి, శెనక్కాయల ఊరుబిండి తినె. కారానికి కండ్లలో నీళ్లు కారతాంటే నగుతా మన రోలు చూపించి ఏమో అనె. కూడా వచ్చినాయన తెలుగులో చెప్పె: వాళ్ల అవ్వ ఇంట్లో గూడా రోలు ఉండేదంట. ఆ మాటతో మీ అవ్వకు బెరుకు పోయె. "ఇంకో ముద్ద ఏసుకోమను" అనె.

ఆ ఇల్లు గూడా మీ అవ్వదే, మర్చిపోవద్దు. ఆర్డీటీ కట్టించే ఇండ్లు ఆడోళ్ల పేరు మీదనే రాస్తారు. కొత్తల్లో నేను తాగొచ్చి ఎగిరితే మీ అవ్వ ఒకటే మాట: "ఇల్లు నాది. బయట పండుకో." నాలుగు రేత్రిళ్లు చలిలో పండుకున్యాక తాగుడు తగ్గె. నగొద్దు పాపా, నిజం.

ఇంకో మాట, ఇది నగే మాట కాదు. నాకొక చెల్లెలు ఉండె. తొలికాన్పు. మంత్రసాని చేతనైనంత చూసింది, మూడో దినం మంచం మీద పండబెట్టి బండికెత్తినాం. టౌను చేరలే. దోవలోనే పోయె. అప్పట్లో ఇంటికొక కత ఇట్లాంటిది. 2000లో ఆర్డీటీ వాళ్లు బత్తలపల్లిలో ఆస్పత్రి కట్టిరి. నువ్వు పుట్టింది ఆడనే, అడ్డం తిరిగి పుట్టినావు. పెద్దరోగమని ఇంట్లోవాళ్లే ముట్టని ఎయిడ్స్ రోగులకు గూడా ఆడ వేరేగా ఆస్పత్రి పెట్టి చూస్తాండారు. 2020లో కరోనా వస్తే బత్తలపల్లి ఆస్పత్రినే కోవిడ్ ఆస్పత్రి చేసిరి. మీ అత్త ఆ రోజుల్లో నర్సుగా పనిచేసింది, నెలల తరబడి ఇంటిమొగం చూడలే. చింతచెట్టు బొమ్మ గీసిన పిల్లే గదా!

ఫాదరు 2009 జూన్ 19న పోయినాడు. ఆ ఎండల్లో లారీలెక్కి, ట్రాక్టర్లెక్కి, నడుచుకుంటా జనం కదిలినారు. బత్తలపల్లిలోనే మట్టి చేసిరి. నేను ఒక గుప్పెడు మన్ను తీసకపోయింటి మన బాయి గట్టుది. ఎందుకో, తోచింది.

తర్వాత స్పెయిన్‌లో గడ్డుకాలం వచ్చె. వాళ్లకే ఉద్యోగాలు పోతాండాయంట. అప్పుడు మన ఊర్లల్లో ఇంటింటికీ హుండీ ఇచ్చిరి, మనమూ ఎయ్యాల అని. శెనక్కాయలు అమ్మినప్పుడల్లా మీ అవ్వ అందులో ఏస్తాండె. "ఎవరికే?" అంటే "ఎవరో ఒకరి బిడ్డకు" అనె. ఆ పొద్దు నాకు తెల్సింది, మా నాయన బండ సందులో చూసిన ఊట ఇంకా పారతాందని.

సరే, మంట ఆరిపోతాంది. ఆ కాగితం తీసి, ధన్యవాదాలు కొట్టెయ్. ఒక్కటుంటే చాలు, అది గూడా కడాన రాయి. బంధువులకు రాసినట్ల రాయి. "మా ఊర్లో ఈ ఏడు మొదటి వాన ఆలస్యమైంది. కాయ సగమే వచ్చింది. మా ముత్తాత తవ్విన బాయి ఎండిపోయింది, దాంట్లో పావురాలుండాయి. మా అత్త నర్సు. మా తాత గొణుగుతాంటాడు."

ఆఁ, ముందర ఒక మాట రాయి పాపా. అన్నిటికంటే ముందర.

"మీ ఊర్లో వాన పడిందా?"