వంటగదిలో దేవుడు కనిపించిన మనిషి: బ్రదర్ లారెన్స్ చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి. గ్రూపులో చర్చికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, గాం దేవతకి మొక్కేవాళ్ళు ఉన్నారు, మా ఇంట్లోలాగా రెండూ ఉన్నవాళ్ళూ ఉన్నారు. నేను మతం చెప్పడానికి రాయట్లేదు. చదువు లేని ఒక వంటమనిషి చరిత్రలోకి ఎలా వచ్చాడో చెప్పాలని రాస్తున్నాను.

చిన్నప్పుడు మా ఊరి పాస్టర్ గారు ఆదివారం ఒక కథ చెప్పేవారు. ఫ్రాన్స్ దేశంలో ఒకాయన గిన్నెలు తోముకుంటూనే దేవుడితో మాట్లాడేవాడట. అంతే కథ. డిగ్రీలో చరిత్ర తీసుకున్నాక ఆయన గురించి వెతికి చదివాను. పాస్టర్ గారు చెప్పని సంగతులే ఎక్కువ ఉన్నాయి.

ఆయన అసలు పేరు నికొలా ఎర్మాన్. 1614 ప్రాంతంలో లొరేన్‌లో, లూనెవిల్ దగ్గర ఎరిమెనిల్ అనే పల్లెలో పేద రైతు కుటుంబంలో పుట్టాడు. లొరేన్ ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది గానీ అప్పుడు వేరే రాజ్యం. ఒక పక్క ఫ్రాన్స్ రాజు, ఇంకో పక్క జర్మన్ చక్రవర్తి. 1618 నుంచి 1648 వరకు ముప్పై ఏళ్ళ యుద్ధం జరిగింది, మధ్యలో నలిగింది ఇలాంటి పల్లెలు. ఎవరి సైన్యం వచ్చినా ధాన్యం పట్టుకుపోయేది. లొరేన్‌కే చెందిన జాక్ కాలో అనే చిత్రకారుడు 1633లో ఆ యుద్ధం మీద బొమ్మలు చెక్కాడు. ఒక దాంట్లో పెద్ద చెట్టు, దాని కొమ్మలకి వరసగా వేలాడుతున్న మనుషులు. నెట్‌లో దొరుకుతుంది, చూడండి. రెండు రోజులు కళ్ళముందే ఉంటుంది.

నికొలా కూడా ఆ యుద్ధంలో సైనికుడే. జర్మన్ సైనికులు పట్టుకుని గూఢచారి అనుకుని ఉరి తీస్తామన్నారు. ఎలాగో బయటపడ్డాడు. 1635లో రాంబెర్విలే దగ్గర కాలికి దెబ్బ తగిలింది, బతికినన్నాళ్ళూ కుంటుతూనే ఉన్నాడు.

అంతకుముందు, ఆయనకి పద్దెనిమిదేళ్ళప్పుడు, ఇంకో చెట్టు ఉంది. చలికాలంలో ఒక్క ఆకు లేకుండా మోడులా నిలబడిన చెట్టుని చూసి, కొన్నాళ్ళకి దీనికి మళ్ళీ ఆకులొస్తాయి, పూలొస్తాయి, కాయలొస్తాయి కదా అనుకున్నాడట. దేవుడున్నాడని తనకి అప్పుడే తెలిసిందని ముసలితనంలో చెప్పాడు. ఏ పుస్తకమూ కాదు, ఏ ప్రసంగమూ కాదు. ఇది మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఫాల్గుణంలో ఇప్పచెట్టు ఆకంతా రాల్చేసి నిలబడితే, పువ్వు వస్తుందని మన ముసలమ్మలకి తెలుసు, చెట్టు కింద శుభ్రం చేసి పెట్టుకుంటారు.

సైన్యం వదిలాక ఫియూబే అనే కోశాధికారి ఇంట్లో పనివాడిగా చేరాడు. పెద్ద మొరటు మనిషినని, చేతికొచ్చిందల్లా పగలగొట్టేవాడినని తనే చెప్పుకున్నాడు. 1640లో పారిస్‌లో వోజిరార్ వీధిలోని కార్మెలైట్ మఠంలో చేరాడు. తన మొరటుతనానికి అక్కడ బాగా శిక్షిస్తారు, అలా జీవితం దేవుడికి ఇచ్చేయొచ్చు అనుకున్నాడు. తీరా చూస్తే అక్కడ తనకి సంతోషమే దొరికిందని, దేవుడు తనని మోసం చేశాడని నవ్వుతూ చెప్పేవాడట.

ఇక్కడ ఒక విషయం పట్టించుకోవాలి. మఠంలో అందరూ ఒకటి కాదు. లాటిన్ వచ్చినవాళ్ళు గాయకమండలిలో కూర్చుని కీర్తనలు పాడేవాళ్ళు, వాళ్ళే ఫాదర్లు అయ్యేవాళ్ళు. చదువు లేనివాళ్ళు పనిచేసే బ్రదర్లు. వంట, తోట, గుమ్మం దగ్గర కాపలా వాళ్ళవి. లాటిన్ కీర్తనల బదులు వాళ్ళు పరలోక ప్రార్థన ఇన్నిసార్లు అని లెక్కపెట్టి చెప్పుకోవాలి. దేవుడి ఇంట్లో కూడా చదువుని బట్టే చోటు. లారెన్స్ ఈ రెండో వరసలోకి వచ్చాడు.

ఆయన్ని వంటగదిలో వేశారు. వంటంటే ఆయనకి సహజంగానే అయిష్టం! అయినా ఏళ్ళ తరబడి అదే పని. ఒకసారి మఠానికి ద్రాక్షసారా కొనుక్కురమ్మని బర్గండీ పంపారు. బేరం చేయడం రాదు, కాలు కుంటి. పడవలో పీపాల మీద దొర్లుకుంటూ అటూ ఇటూ కదిలాడట. ఇది చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు బాధేసింది.

మొదట్లోనే దేవుడు దొరికేశాడని అనుకోకండి. మొదటి పదేళ్ళు చాలా నరకం పడ్డానని, తనకి రక్షణ లేదేమో అనుకున్నానని ఆయనే చెప్పాడు. తర్వాత ఒక పద్ధతి పట్టుకున్నాడు. ప్రార్థనకి వేరే టైము, పనికి వేరే టైము అని విడగొట్టడం మానేశాడు. పెనం మీద అట్టు తిప్పినా దేవుడి కోసమే, నేల మీద గడ్డిపోచ ఎత్తినా దేవుడి కోసమే. మరిచిపోతే తనని తాను తిట్టుకోకుండా మళ్ళీ గుర్తు చేసుకోవడం. అంతే.

ఇవన్నీ మనకి ఎలా తెలిశాయి? జోసెఫ్ ద బోఫోర్ అనే చదువుకున్న ఫాదర్ 1666 ఆగస్టు 3న మొదటిసారి ఆయన్ని కలిసి, మాటలన్నీ రాసిపెట్టుకున్నాడు. లారెన్స్ 1691 ఫిబ్రవరి 12న చనిపోయాక ఆ మాటలు, మిగిలిన పదహారు ఉత్తరాలు అచ్చు వేశాడు. గొప్ప బిషప్ ఫెనెలాన్ కూడా వెళ్ళి లారెన్స్‌ని చూశాడు. బోఫోర్ వినకపోయి ఉంటే ఏమీ మిగిలేది కాదు. పక్కన గిన్నెలు తోమిన మిగతా బ్రదర్ల మాటలు ఎవరు రాశారు?

నాకు ఒక అనుమానం కూడా ఉంది. కింది పని చేసేవాళ్ళకి 'పనిలోనే దేవుణ్ణి చూసుకో' అని పైవాళ్ళు చెప్తే అది నోరు మూయించడమే. లారెన్స్ మాత్రం పైనుంచి అలా చెప్పలేదు, తను చేసిందే చెప్పాడు. ఈ తేడా నాకు ముఖ్యం. ఎందుకంటే మా అమ్మ ఒక హాస్టల్లో కుక్. తెల్లారి నాలుగుకి లేచి పొయ్యి వెలిగిస్తుంది. కాలేజీలో చేరిన కొత్తలో అమ్మ ఏం చేస్తారని ఒకడు అడిగితే 'ఇంట్లోనే ఉంటుంది' అన్నాను.

మొన్న రాత్రి ఫోన్ చేసి అమ్మకి ఈ కథంతా చెప్పాను. యుద్ధం, చెట్టు, వంటగది అన్నీ. అమ్మ ఊఁ కొడుతూ విని ఒకటే అడిగింది.

"మరి ఆయన కాలు నొప్పి తగ్గిందారా?"

"తగ్గలేదమ్మా. నిలబడలేకపోతున్నాడని తర్వాత కూర్చుని చెప్పులు కుట్టే పనికి మార్చారు."

"మార్చారా," అంది అమ్మ. కాసేపాగి, "నయమే," అంది.