లింగాల మందలు, రాజేంద్రనగర్ త్రాసు

రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో నా చేతికి మొదట వచ్చిన పనిముట్టు కొడవలి, రెండోది త్రాసు. పశుపోషణ శాస్త్రం చెప్పే మా సారు మమ్మల్ని బీడులోకి తీసుకుపోయి, నాలుగు ఇనుప కడ్డీల చట్రం నేల మీద పరిచి, అందులోని గడ్డినంతా మొదలంటా కోయమన్నారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు. కోసింది తూచాం, ఓవెన్‌లో ఎండబెట్టి మళ్ళీ తూచాం. బరువు నాలుగో వంతుకు దిగింది. "ఇదీ ఆవు తిన్నది. పోయిందంతా నీళ్ళు" అన్నారు సారు.

మా నాయిన పొద్దుగూకే వేళ దొడ్డి వాకిట్లో నిలబడి, లోపలికి వచ్చే ఒక్కో గొడ్డు ఎడమ డొక్క మీద చెయ్యి వేసి చూసేవాడు. "దీనికి ఇయ్యాల కడుపు నిండలే" అంటే నిండనట్టే. ఆ చేతి అంచనాకు ఒక లెక్క ఉందని నాకు 1974లో, మా ఊరు లింగాల వదిలి వచ్చాక తెలిసింది.

కళాశాల 75 ఏళ్ళ సంచికకు రాయమన్నప్పుడు కమిటీ మిత్రులు చరిత్ర తప్పకుండా ఉండాలన్నారు. 1946లో నిజాం పాలన చివరి రోజుల్లో పుట్టింది మన కళాశాల. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కలిసింది, 2005లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వెళ్ళింది, తెలంగాణ వచ్చాక పి.వి. నరసింహారావు పేరిట వెలసిన విశ్వవిద్యాలయానికి పెద్ద దిక్కైంది. భవనాలు, సీట్లు, బంగారు పతకాల సంగతి తక్కిన వ్యాసాల్లో వస్తుంది. నేను మేత గురించే రాస్తాను. ఆ విద్య నేర్చుకోవాలన్న ఆకలి నాకు పుట్టింది కూడా మేత లేని ఏడాదే.

అది 1972. అప్పటికి నాకు పదహారేళ్ళు. లింగాల చుట్టుపక్కల తొలకరి మొహం చూపించి పోయింది. మోకాలెత్తు లేచిన జొన్న అక్కడే ఆగి, ఆకులు ముడుచుకుంది. ఆకలికి తట్టుకోలేక కంచె దాటిన మా ఎర్రావు ఆ జొన్న మేసి, గంటలోపే కాళ్ళు తన్నుకుని పడిపోయింది. నాము తగిలిందన్నారు ఊళ్ళో. ఎండకు గిడసబారిన లేత జొన్నలో సైనైడు విషం పుడుతుందనీ, సోడియం థయోసల్ఫేటు సూది సమయానికి పడితే గొడ్డు లేస్తుందనీ తర్వాత చదువుకున్నాను. చదువుకున్న రోజు రాత్రి హాస్టల్లో నాకు నిద్ర పట్టలేదు.

నాయిన మిగిలిన ఇరవై రెండు గొడ్లను తోలుకుని నల్లమల ఎక్కాడు. నేనూ వెంట వెళ్ళాను. గడ్డి అయిపోయాక నారేప కొమ్మలు విరిచి వేశాం. రాలిన తుమ్మకాయలు ఏరి గంపలతో పోశాం. చెంచు పెద్దమనిషి ఒకాయన మడుగు చూపించకపోతే రెండో నెలకే మంద అంతమయ్యేది. ఒక రోజు మా కోడె ఏదో నములుతూ కదలకుండా నిలబడింది. నోరు తెరిచి చూస్తే దుప్పి ఎముక. దాని నోట్లోంచి ఎముక లాగడానికి ఇద్దరం పెనుగులాడాం. "పిచ్చి పట్టింది" అన్నాడు నాయిన. తర్వాతి రోజుల్లో ఇంకో నాలుగు అదే పని చేశాయి. తిరిగి లింగాలకు దిగినప్పుడు తొమ్మిది గొడ్లు ఉన్నాయి. నాయిన వాటిని లెక్కపెట్టలేదు. దొడ్డి తలుపు మూసి, మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగాడు.

ఆ ఎముక సంగతి నేను సారును మూడో ఏడు అడిగాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్యుడు ఒండర్‌స్టెపోర్ట్ పరిశోధన కేంద్రంలో 1920ల నాటికే ఈ పిచ్చి వెనక కారణం పట్టుకున్నాడట. నేలలో భాస్వరం తక్కువైతే గడ్డిలో తక్కువ. గడ్డిలో తక్కువైతే పశువు ఒంట్లో తక్కువ. ఆ లోటు తీర్చుకోవడానికి పశువు ఎముకలు నములుతుంది, కుళ్ళిన ఎముకల్లోని విషంతో కాళ్ళు పడిపోయి చస్తుంది. "మీ కోడెకు పిచ్చి కాదయ్యా, బుద్ధి. దానికి ఏం కావాలో దానికి తెలిసింది. మనకే తెలియలేదు" అన్నారు. ఇంటికి వెళ్ళి నాయినకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "బొక్కల పిండి ఎంత పెట్టాలె?" అని మాత్రం అడిగాడు.

సారు పేరు రాయమని మిత్రులు పట్టుబట్టారు. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకు గిట్టేది కాదు. పోయాక కూడా ఆయన మాట దాటడం నాకు చేతకాదు. ఖద్దరు చొక్కా, జేబు నిండా చింతగింజలు. ఆ గింజలెందుకో మాకు లింగాలలో తెలిసింది. నా చివరి ఏడు మా ఊరికి వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులున్నారు. తెల్లవారుజామునే మంద వెంట బయలుదేరేవారు. ఒక ఆవును ఎంచుకుని, అది గడ్డి కొరికిన ప్రతి పది కాట్లకూ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి ఒక చింతగింజ మార్చేవారు. ఏ మొక్క ముందు ఎంతసేపు నిలిచిందో నేను పుస్తకంలో రాయాలి. గరిక, బోద గడ్డి, రేగు ఆకు, వెదురు చిగురు. ఎండెక్కాక రాలిన ఇప్పపూలు.

"సారూ, గొడ్డు ఏం తింటదో గొడ్డునే అడగాలె" అన్నాడు నాయిన.

"అడగడానికే వచ్చానండీ" అన్నారు సారు. ఇద్దరూ ఒకే చెట్టు కింద జొన్నరొట్టె తిన్నారు.

ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నదే నా ముప్పయ్యేళ్ళ ఉద్యోగం. గడ్డిలో నత్రజని ఎంతుందో కొలిచి 6.25తో హెచ్చిస్తే మాంసకృత్తుల లెక్క వస్తుంది. అది 7 శాతానికి తగ్గితే పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు పస్తుంటాయి. అవి పస్తుంటే గడ్డి అరగదు, అరగకపోతే ఆవు మరింత తినలేదు. కళ్ళముందు గుట్టంత ఎండుగడ్డి ఉన్నా లోపల ఆకలే. శివరాత్రి దాటాక మన గుట్టల మీది గడ్డిలో ఉండేది 3, 4 శాతం. అందుకే 250 కిలోల ఆవు రోజుకు ఎండు లెక్కన ఆరు కిలోలు తినాల్సి ఉండగా, మూడు తిని పడుకుంటుంది. డొక్క మీద చెయ్యి వేసి మా నాయిన చెప్పింది ఇదే.

సారు బల్ల మీద ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. దబడ్ఘావ్, శంకరనారాయణ్ 1973లో దేశపు గడ్డి నేలలను ఐదు రకాలుగా విడదీసి రాసినది. మన దక్కను అంతా సెహిమా, డైకాంథియం జాతుల గడ్డి నేల. మేపు మితిమీరితే మంచి గడ్డి ముందు పోతుంది. పంచెకు గుచ్చుకునే ముళ్ళగడ్డి వస్తుంది, ఆ తర్వాత అదీ పోయి రాయి తేలుతుంది. లింగాల చుట్టూ ఉన్న గుట్టలను నేను ఆ పుస్తకంలోని వరసలోనే చూశాను, ఒక్కో మెట్టూ దిగుతుంటే.

మేత పరిశోధన మన దగ్గర తక్కువేం జరగలేదు. ఝాన్సీలో 1962లో గడ్డి, మేత పరిశోధన సంస్థ వచ్చింది. 1970లో దేశమంతటా మొదలైన మేత పంటల సమన్వయ పథకానికి రాజేంద్రనగర్‌లోనూ కేంద్రం ఏర్పడింది. ఏపీబీఎన్-1 అనే నేపియర్ గడ్డి రకం ఇక్కడిదే. బోరు ఉన్న రైతుకు అది వరం. వరిగడ్డికి యూరియా పట్టించడం ఊరూరా నేర్పాం. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్ళలో కలిపి చల్లి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచితే మాంసకృత్తులు రెట్టింపవుతాయి. అనంతపురం రైతులు స్టైలో అనే పప్పుజాతి మేత విత్తనం పండించి దేశానికి పంపారు. అంజన్ గడ్డి నడుమ స్టైలో చల్లితే బీడు తేరుకుంటుందని హైదరాబాద్ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రిడా, చూపించింది. నేనూ లింగాల బంజరులో రెండెకరాలు వేయించాను. వేడినీళ్ళలో ముంచిన విత్తనం బాగా మొలిచింది. కాపలా ఉన్నంతకాలం పచ్చగా ఉంది.

ఇంత జరిగినా రాయక తప్పని మాట ఒకటుంది. జూబిలీ సంచికలో బాగుండదని రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాస్తున్నాను. మన పరిశోధనలో ఎక్కువ భాగం గాడి ముందు కట్టేసిన పశువు చుట్టూ తిరిగింది. తిరిగి మేసే పశువు నోట్లోకి ఏం పోతోందో ఏడాది పొడుగునా వెంట నడిచి కొలిచినవాళ్ళు అరుదు. 1980ల్లో మా వైపు పనిచేస్తూ, సారు పద్ధతిలోనే మూడేళ్ళు రాసిన నోటు పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. ఏ నెలలో ఏ వాలు మీద ఎంత గడ్డి, ఏ ఆకు, ఏ కాయ, ఎన్ని కాట్లు. వాటిని పద్ధతిగా రాసి, ఒక చిన్న ప్రయోగానికి అనుమతి ఇమ్మని పై కార్యాలయానికి పంపాను. "అడవి గొడ్ల మీద ఏం పరిశోధన? ఈ నెల సంకరజాతి సూదులు ఎన్ని వేశారో ఆ లెక్క పంపండి" అని జవాబు వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ ఆ పుస్తకాల్లోనే ఉంది.

ఆ అడవి గొడ్లే పొడ తూర్పు. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు పొడలు, తూర్పున ఉన్న కొండల నుంచి వచ్చే పశువు కాబట్టి ఆ పేరు. అమ్రాబాద్, పదర, లింగాల, అచ్చంపేట తండాల్లో లంబాడీలు తరతరాలుగా సాకిన జాతి. దాణా ఎరగదు, గుట్ట మీద మేసి బతుకుతుంది. దాని కోడెల కోసం పాలమూరు రైతులు కురుమూర్తి జాతరలో ఎదురుచూస్తారు. హైదరాబాద్‌లోని వాసన్ సంస్థ వారు పెంపకందార్లతో కలిసి పట్టుబట్టగా, కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో దాన్ని జాతిగా నమోదు చేసింది. ఆ వార్త చదివి ఏడ్చాను. జాతికి గుర్తింపు వచ్చింది, దాని మేతకు ఇంకా రాలేదు. నల్లమలలో 1978లో అభయారణ్యం, 1983లో పులుల ప్రాజెక్టు వచ్చాయి. పులి బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. మందలకు మాత్రం దారులు ఒక్కోటీ మూసుకున్నాయి. కింద చేలలో జొన్న పోయి పత్తి వచ్చింది. చొప్ప తినే గొడ్డు పత్తికట్టె తినదు. 2017లో గొర్రెల పంపిణీలో లబ్ధిదారులకు తలా 20 గొర్రెలు, ఒక పొట్టేలు వచ్చాయి. అవి మేసే నేల ఎంతుందో ముందుగా తూచి ఉంటే ఎంత బాగుండేది!

సాయపడ్డవారిని తప్పక తలచుకోవాలని కమిటీ ఆజ్ఞ. పేర్లు చివరి పేజీల్లో అచ్చవుతాయి గనుక ఇక్కడ చేసిన పనులు రాస్తున్నాను. గడ్డి మూటలను టికెట్ లేకుండా బస్సు మీద వేసుకుని హైదరాబాద్ చేర్చిన అచ్చంపేట కండక్టర్లు. యాసిడ్ మరకల చేతులతో ఫ్లాస్కులు కడిగిన ప్రయోగశాల అటెండర్లు. ఉప్పు, ఖనిజ మిశ్రమం అప్పుగా ఇచ్చిన లింగాల కిరాణా సేట్లు. చెట్లకు మేము పెట్టిన తప్పుడు పేర్లు సరిదిద్దిన అప్పాపూర్ చెంచులు. సలేశ్వరం జాతర రోజుల్లో మందలకు దారి విడిచిన అటవీ కాపలాదార్లు. ఆవును పట్టుకుని గంటలకొద్దీ నిలబడ్డ తండా పిల్లలు, వాళ్ళకు అన్నం మోసుకొచ్చిన తల్లులు. స్టైలో మడికి కంచె నాటిన కూలీలు. జూబిలీ నిధికి తమ వంతు పంపిన మా బ్యాచి మిత్రులు, వారిలో వెళ్ళిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు.

కళాశాల పెద్దలకు నా మనవి ఒకటే. ఏటా ఇద్దరు విద్యార్థులను లింగాల పంపండి. తొలకరి పడి నెల దాటాక ఒకసారి, దీపావళి తర్వాత ఒకసారి, శివరాత్రి తర్వాత ఒకసారి. బస మా ఇంట్లోనే. నోటు పుస్తకాలు వాళ్ళ చేతికే ఇస్తాను, నేను ఆపిన పేజీ నుంచి రాసుకోవచ్చు. సారు లింగాలలో వదిలి వెళ్ళిన ఇనుప చట్రం అటక మీద ఉంది. ఒక కడ్డీ వంగిపోయింది. వాళ్ళు వచ్చేలోపు కమ్మరి దగ్గర సాపు చేయించి పెడతాను.